ఒకే థీసిస్ రెండుసార్లు ఎక్కింది: డీస్పేస్ బ్యాచ్ ఇంపోర్ట్‌లో చిక్కు, దయచేసి చూడండి

అక్షరనిధి (సోమవారం, ఉదయం 10:40)

అందరికీ నమస్కారం. మా దగ్గర డీస్పేస్ 5 (థీసిస్‌లు, పేపర్లు దాచి ఆన్‌లైన్‌లో అందించే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తున్న పాత రిపాజిటరీ, అంటే డిజిటల్ భాండాగారం, ఒకటి ఉంది. అందులో 9 కలెక్షన్లు, లెక్క ప్రకారం 3,412 థీసిస్‌లు. వీటన్నిటినీ డీస్పేస్ 7 మీద నడుస్తున్న ఇంకో రిపాజిటరీలోకి చేర్చే పని నాకు అప్పగించారు.

పాత సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో మొదటి కలెక్షన్‌ని సింపుల్ ఆర్కైవ్ ఫార్మాట్‌లో (ఒక్కో ఐటమ్‌కి ఒక ఫోల్డర్, అందులో దాని వివరాలు, ఫైళ్లు) దించుకున్నాను. 200 ఐటమ్‌లకు ఒక ఫోల్డర్ చొప్పున విడగొట్టి, వరుసగా ఇంపోర్ట్ అయ్యేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ఆరు బ్యాచ్‌లు బాగానే ఎక్కాయి. ఏడోది మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగింది. మొత్తం పోయిందేమో అనుకుని మళ్లీ మొదటి నుంచి నడిపాను. మ్యాప్‌ఫైల్ (ఏయే ఐటమ్‌లు ఎక్కాయో రాసిపెట్టే ఫైల్) ఇప్పటికే ఉందని ఒప్పుకోలేదు కాబట్టి వాటికి వేరే పేర్లు ఇచ్చాను. మూడు బ్యాచ్‌లు అయ్యాక వెబ్ పేజీ తెరిచి చూస్తే ఒక్కో థీసిస్ రెండేసి సార్లు కనిపిస్తోంది. వెంటనే ఆపేశాను.

ఇప్పుడు 600 డూప్లికేట్లు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చేత్తో తీసేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది. ఈ థీసిస్‌ల లింకులను ఎంతోమంది తమ పేపర్లలో ఇచ్చుకున్నారు. వాటికి ఏమీ కాకూడదు.

కమాండ్‌లైన్ (సోమవారం, ఉదయం 11:05)

ముందు ఒక మాట: చేత్తో ఏదీ తీయకండి. రెండోసారి నడిపినప్పటి మ్యాప్‌ఫైళ్లు ఉన్నాయి కదా, వాటిని జాగ్రత్తగా దాచండి.

మ్యాప్‌ఫైల్‌లో ఒక్కో వరుసకు రెండే ముక్కలుంటాయి: ఐటమ్ ఫోల్డర్ పేరు, దానికి వచ్చిన హ్యాండిల్ (శాశ్వత లింకులో ఉండే నంబర్). ఇంపోర్ట్ కమాండ్‌కి డిలీట్ ఆప్షన్ ఇచ్చి ఆ మ్యాప్‌ఫైల్‌ని చూపిస్తే, అందులో ఉన్న హ్యాండిళ్ల ఐటమ్‌లను మాత్రమే తీసేస్తుంది, మిగతావాటి జోలికి పోదు. మ్యాప్‌ఫైల్ లేకపోతే ఏది మొదటిదో ఏది రెండోదో తేల్చడానికి రోజులు పడుతుంది. అది ఇప్పటికే ఉంటే యాడ్ ఆప్షన్ ముందుకు కదలకపోవడం కూడా ఇందుకే. ఆ మెసేజ్‌లోనే రెజ్యూమ్ (మ్యాప్‌ఫైల్‌లో ఉన్నవాటిని వదిలేసి మిగతావి ఎక్కించే ఆప్షన్) వాడమని సూచన ఉంటుంది. అప్పుడు మొదటి ఆరింటి జోలికి పోకుండా ఏడో బ్యాచ్ సంగతి మాత్రం చూసుకుని ఉంటే సరిపోయేది.

డిలీట్ నడిపే ముందు పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ కాపీ) ఒకటి, అసెట్‌స్టోర్ (పీడీఎఫ్‌లు ఉండే ఫోల్డర్) కాపీ ఒకటి తీసుకోండి. డేటాబేస్ ఒక్కటే బ్యాకప్ చేస్తే మెటాడేటా (టైటిల్, రచయిత లాంటి వివరాలు) మిగులుతుంది, పీడీఎఫ్‌లు మిగలవు. డిలీట్ అంటే విత్‌డ్రా (కనిపించకుండా పక్కన పెట్టడం) కాదు, తీసేసినది తిరిగి రాదు.

అక్షరనిధి (సోమవారం, ఉదయం 11:30)

మ్యాప్‌ఫైళ్లన్నీ ఉన్నాయి, చాలా థాంక్సండీ. మొదటిసారివి ఏడు, రెండోసారివి మూడు. ఏడోదాంట్లో 12 వరుసలే ఉన్నాయి. డిలీట్‌ని రేపు ఉదయం నడుపుతాను, ఇవాళ బ్యాకప్ తీస్తాను.

దస్తావేజు (సోమవారం, మధ్యాహ్నం 12:15)

అక్షరనిధి గారూ, రేపటిదాకా ఆగుతున్నారు కాబట్టి సరిపోయింది. నాకు ఇంకో అనుమానం ఉంది, అది డూప్లికేట్ల కన్నా పెద్దది.

అసలు డూప్లికేట్లు ఎలా రాగలిగాయి? మామూలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి ఐటమ్ ఫోల్డర్‌లోనూ హ్యాండిల్ అనే చిన్న ఫైల్ పడుతుంది, అందులో పాత హ్యాండిల్ ఉంటుంది. ఇంపోర్ట్ అప్పుడు ఆ ఫైల్ కనిపిస్తే కొత్త నంబర్ ఇవ్వకుండా ఆ పాతదాన్నే ఐటమ్‌కి తగిలిస్తుంది. అదే ఫోల్డర్‌ని రెండోసారి ఎక్కించబోతే ఆ హ్యాండిల్ ఇప్పటికే వాడుకలో ఉందంటూ మొదటి ఐటమ్ దగ్గరే ఆగిపోవాలి. మీకు ఆగలేదు, 600 ఎక్కాయి. అంటే మీ ఫోల్డర్లలో హ్యాండిల్ ఫైల్ లేనట్టే.

ఏదైనా ఒక ఐటమ్ ఫోల్డర్ తెరిచి అందులో ఏయే ఫైళ్లున్నాయో ఇక్కడ రాయగలరా? ఎక్స్‌పోర్ట్ ఏ ఆప్షన్లతో చేశారో కూడా చెప్పండి.

అక్షరనిధి (సోమవారం, మధ్యాహ్నం 1:50)

మీరన్నది నిజమే. ఫోల్డర్‌లో డబ్లిన్ కోర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ (మెటాడేటా ఉండేది), కంటెంట్స్ ఫైల్ (ఫైళ్ల పేర్ల జాబితా), పీడీఎఫ్, లైసెన్స్ టెక్స్ట్ ఉన్నాయి. హ్యాండిల్ ఫైల్ లేదు. వేరే సర్వర్‌కి మారుతున్నాం కదా అని మైగ్రేట్ ఆప్షన్ పెట్టాను. పేరు చూసి అదే సరైనదనుకున్నాను.

ఇప్పుడు చూస్తే మొదటిసారి ఎక్కిన 1,200 కూడా కొత్త హ్యాండిళ్లతోనే ఎక్కాయి. పాత సర్వర్ ఆపేసిన రోజున పాత లింకులన్నీ చచ్చిపోయేవి. ఈ చిక్కు రాకపోయి ఉంటే 3,412 ఐటమ్‌లూ అలాగే ఎక్కించి, పని అయిపోయిందని చెప్పేసేదాన్ని. చేతులు వణికాయండీ అది చదివాక.

దస్తావేజు (సోమవారం, మధ్యాహ్నం 2:20)

కంగారు పడకండి, పాత సర్వర్ ఇంకా ఉంది కాబట్టి ఏదీ పోలేదు. మైగ్రేట్ అన్న పేరే మనుషుల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఆప్షన్ చేసే పని ఇది: కొత్త చోట ఎలాగూ మళ్లీ పుట్టే వివరాలను, అంటే హ్యాండిల్, యాక్సెషన్ తేదీ (రిపాజిటరీలో చేరిన తేదీ), అందుబాటులోకి వచ్చిన తేదీ, ప్రోవెనెన్స్ (ఎవరు సమర్పించారు, ఆమోదించారు అన్న చరిత్ర) లాంటివాటిని తీసేసి దించుతుంది. ఒక ఐటమ్‌ని నమూనాగా ఇంకో చోటికి తీసుకెళ్లేటప్పుడు అది మంచిదే. శాశ్వత లింకు నిలబడాల్సిన చోట అది పనికిరాదు.

కాబట్టి మొదటిసారివీ రెండోసారివీ అన్నీ తీసేసి, ఆ ఆప్షన్ లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే మంచిది. రీప్లేస్ ఆప్షన్‌తో సర్దుదామని ఎవరైనా అంటే వినకండి. రీప్లేస్ పాత ఐటమ్‌ని తీసేసి మ్యాప్‌ఫైల్‌లో ఉన్న హ్యాండిల్‌తోనే కొత్త ఐటమ్‌ని పెడుతుంది. మీ మ్యాప్‌ఫైల్‌లో ఉన్నవేమో ఇప్పుడొచ్చిన కొత్త హ్యాండిళ్లు.

కమాండ్‌లైన్ (సోమవారం, మధ్యాహ్నం 2:45)

దస్తావేజు గారు పట్టుకున్నది నాకు తట్టలేదు. హ్యాండిల్ ఫైల్ సంగతి ముందే అడగాల్సింది.

ఒక ప్రశ్న. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అవసరమా అసలు? పాత డేటాబేస్‌నీ అసెట్‌స్టోర్‌నీ కొత్త మెషీన్‌కి కాపీ చేసి డేటాబేస్ మైగ్రేట్ కమాండ్ (మీరు పెట్టిన ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ కాదు, వేరేది) నడిపితే డీస్పేస్ 5 నుంచి 7కి నేరుగా వచ్చేయొచ్చు. హ్యాండిళ్లు, యూజర్లు, అనుమతులు అన్నీ అలాగే వస్తాయి.

అక్షరనిధి (సోమవారం, మధ్యాహ్నం 3:10)

అది కుదరదండీ. కొత్త రిపాజిటరీలో ఇప్పటికే వేరేవాళ్ల ఐటమ్‌లు చాలా ఉన్నాయి, మావి వాటితో కలపాలి. హ్యాండిల్ ప్రిఫిక్స్ (హ్యాండిల్ ముందు భాగం) కూడా రెండిటికీ వేరు వేరు.

కమాండ్‌లైన్ (సోమవారం, మధ్యాహ్నం 3:25)

అర్థమైంది, అలాగైతే బ్యాచ్ దారే దారి. ప్రిఫిక్స్ వేరు కావడం మీకు మంచిదే, నంబర్లు ఢీకొనవు. ఒకే ప్రిఫిక్స్ అయి ఉంటే మీ పాత థీసిస్ నంబర్ అక్కడ ఎవరి కలెక్షన్‌కో పడి ఉండేది.

కాకపోతే రెండు పనులు చేయించాలి. కొత్త డీస్పేస్ కాన్ఫిగరేషన్‌లో అడిషనల్ ప్రిఫిక్సెస్ అనే సెట్టింగ్‌లో మీ పాత ప్రిఫిక్స్ చేర్చాలి. హ్యాండిల్ సర్వర్ వైపు కూడా ఆ ప్రిఫిక్స్‌కి జవాబు చెప్పేది ఇకమీదట కొత్త సర్వరే అని నమోదు మార్పించాలి. మొదటిది ఐదు నిమిషాల పని. రెండోది బయటివాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. అది పూర్తయ్యేదాకా పాత సర్వర్‌ని ఆపొద్దు.

నీలిసిరా (సోమవారం, సాయంత్రం 5:00)

ఇంకొకటి అడగాలి, ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ 3,412లో ఎంబార్గో (ఫలానా తేదీ దాకా తెరవకూడదన్న ఆంక్ష) ఉన్నవి, బయటివాళ్లకు తెరవకూడనివి ఏమైనా ఉన్నాయా?

సింపుల్ ఆర్కైవ్ ఫార్మాట్ మెటాడేటానూ ఫైళ్లనూ మోస్తుంది. యాక్సెస్ పాలసీలను (ఎవరు చూడొచ్చో చెప్పే అనుమతులను) మోయదు. కొత్త చోట ఇంపోర్ట్ అయిన ఫైల్‌కి ఆ కలెక్షన్‌లో డిఫాల్ట్‌గా ఏ అనుమతి ఉందో అదే వస్తుంది. కలెక్షన్ అందరికీ తెరిచి ఉంటే ఎంబార్గో థీసిస్ కూడా ఆ నిమిషం నుంచే అందరికీ తెరుచుకుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఆ లోపు సెర్చ్ ఇంజిన్ వచ్చి పట్టుకుపోతే ఇక వెనక్కి తీసుకోలేం. పరిశోధకులు మనల్ని నమ్మి ఇచ్చిన పని అది.

అక్షరనిధి (సోమవారం, సాయంత్రం 5:20)

ఉన్నాయి! 41 ఉన్నాయి. మొదటి కలెక్షన్‌లో లేవు, అందుకే నాకు గుర్తే రాలేదు. వాటిని ఎలా తేవాలి?

నీలిసిరా (సోమవారం, సాయంత్రం 5:55)

నేనైతే ఇలా చేస్తాను. ఆ 41నీ పక్కకు తీసి వేరే బ్యాచ్‌గా పెట్టండి. కొత్త చోట తాత్కాలికంగా ఒక కలెక్షన్ సృష్టించి, దానికి బిట్‌స్ట్రీమ్ (ఐటమ్‌లోని ఫైల్) డిఫాల్ట్ రీడ్ అనుమతిని అడ్మిన్ గ్రూప్‌కి మాత్రమే ఇవ్వండి. అక్కడికి ఇంపోర్ట్ చేస్తే ఫైళ్లు మూసుకునే పుడతాయి. తర్వాత ఒక్కోదానికీ ఎంబార్గో తేదీ పెట్టి, అసలు కలెక్షన్‌లోకి జరపండి. జరిపేటప్పుడు కొత్త కలెక్షన్ అనుమతులు వారసత్వంగా తీసుకోమని టిక్ పెట్టకండి.

కంటెంట్స్ ఫైల్‌లో ఫైల్ పేరు తర్వాత ట్యాబ్ కొట్టి పర్మిషన్స్ అని ఒక గ్రూప్‌ని రాసే పద్ధతి కూడా ఉంది. అది గ్రూప్‌ని పెడుతుంది కానీ తేదీని పెట్టదు. 41 చోట్ల ఒక ట్యాబ్ బదులు స్పేస్ పడినా పని చెడుతుంది. మూసిన కలెక్షనే నయం.

ఏఐపీ ప్యాకేజీలుగా (అన్ని వివరాలతో కూడిన ఆర్కైవ్ రూపం) తీస్తే పాలసీలు కూడా వస్తాయి, కమ్యూనిటీలు కలెక్షన్లతో సహా. అది బ్యాకప్‌కీ పునరుద్ధరణకీ బాగా పనికొస్తుంది. 41 ఐటమ్‌ల కోసం ఆ దారి పట్టాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

కొత్తపేజీ (సోమవారం, రాత్రి 8:10)

నేను ఈ పనికి కొత్త. మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఇదంతా సీఎస్‌వీతో చేయలేమా? మెటాడేటా ఎక్స్‌పోర్ట్ నొక్కితే షీట్ వస్తుంది కదా, దాన్నే కొత్తదాంట్లోకి ఎక్కిస్తే?

నీలిసిరా (సోమవారం, రాత్రి 9:00)

క్షమించడానికేముంది, మంచి ప్రశ్న. ఆ షీట్‌లో ఫైళ్లు ఉండవు, మెటాడేటా మాత్రమే. ఐడీ కాలమ్‌లో + గుర్తు పెడితే కొత్త ఐటమ్ పుడుతుంది, కానీ పీడీఎఫ్ లేని ఐటమ్. ఉన్న ఐటమ్‌ల వివరాలు గుంపుగా సరిచేయడానికి మాత్రం సీఎస్‌వీని మించింది లేదు.

అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కాలమ్ మొత్తం తీసేస్తే ఆ ఫీల్డ్‌ని ముట్టుకోదు. కాలమ్ ఉంచి గడి ఖాళీగా వదిలితే ఆ ఐటమ్‌లో ఉన్న విలువని తీసేస్తుంది. నేను మొదట్లో 200 ఐటమ్‌ల సబ్జెక్ట్ పదాలు అలా పోగొట్టుకున్నాను. ఎడమ పక్క కాలమ్ ఒక్కటే సరిచేసి, మిగతావి తర్వాత చూద్దామని గడులు చెరిపేసి ఎక్కించాను. మార్పుల జాబితా చూపించి అవునా కాదా అని అడిగింది కూడా. చదవకుండా అవును అన్నాను. పాత షీట్ దాచుకుని ఉన్నాను కాబట్టి బయటపడ్డాను. అప్పటి నుంచి సరిచేయాల్సిన కాలమ్, ఐడీ, కలెక్షన్ తప్ప మిగతా కాలమ్‌లన్నీ ముందే తీసేస్తాను.

ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి. 1998-05 అని ఉన్న తేదీని అది తనకు నచ్చినట్టు మార్చేస్తుంది, తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులవుతాయి. లిబ్రెఆఫీస్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుని, అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్‌గా తెరవండి. ఒకే ఫీల్డ్‌లో ఇద్దరు రచయితలుంటే మధ్యలో రెండు నిలువు గీతలు || వస్తాయి, వాటిని కదపొద్దు. భాష గుర్తు ఉన్న టైటిల్ కాలమ్, గుర్తు లేని టైటిల్ కాలమ్ రెండూ వేరు వేరని కూడా గమనించండి. ఒకదాంట్లో నింపి ఇంకోదాన్ని అలాగే వదిలితే ఐటమ్‌కి రెండు టైటిళ్లు వస్తాయి.

అక్షరనిధి (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

బ్యాకప్ అయింది. ఆరు ప్లస్ మూడు, తొమ్మిది మ్యాప్‌ఫైళ్లతో డిలీట్ నడిపాను. ఏడోదాంట్లోని 12 హ్యాండిళ్లను బ్రౌజర్‌లో తెరిచి చూశాను, ఒక్కటీ లేదు. కలెక్షన్ ఇప్పుడు ఖాళీగా ఉంది. ఊపిరి పీల్చుకున్నాను.

మైగ్రేట్ ఆప్షన్ లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. హ్యాండిల్ ఫైళ్లు ఉన్నాయి. పది ఐటమ్‌లతో ముందు వాలిడేట్, తర్వాత నిజంగా ఇంపోర్ట్ చేశాను. పాత హ్యాండిళ్లతోనే ఎక్కాయి. కానీ రెండు తేడాలు. యాక్సెషన్ తేదీ ఒక్కో ఐటమ్‌కి రెండేసి ఉన్నాయి. ఇక ఏడో బ్యాచ్‌ని విడిగా వాలిడేట్ చేస్తే మళ్లీ అక్కడే ఆగింది, ఫైల్ దొరకలేదంటోంది. కానీ ఫోల్డర్‌లో ఫైల్ ఉంది!

కమాండ్‌లైన్ (మంగళవారం, మధ్యాహ్నం 1:00)

ఆ ఫైల్ పేరు తెలుగులో ఉందా? ఫోల్డర్లను ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి ఎలా పంపారు?

అక్షరనిధి (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

అవును, తెలుగు పేరే. జిప్ చేసి నా కంప్యూటర్‌కి తెచ్చుకుని, అక్కడి నుంచి కొత్త సర్వర్‌కి పంపి విప్పాను.

కమాండ్‌లైన్ (మంగళవారం, మధ్యాహ్నం 1:35)

అక్కడే పోయింది. కొన్ని జిప్ పనిముట్లు ఇంగ్లిష్ కాని పేర్లను సరిగ్గా దాచవు, విప్పినప్పుడు పేరు వేరే అక్షరాలుగా వస్తుంది. కంటెంట్స్ ఫైల్ లోపలి పేరు మాత్రం చెక్కుచెదరదు. రెండూ కలవకపోతే ఇంపోర్ట్ ఆగుతుంది. కంటికి ఒకేలా కనిపించినా లోపలి బైట్లు వేరు కావచ్చు కూడా. సర్వర్ నుంచి సర్వర్‌కి నేరుగా ఆర్‌సింక్ (ఫైళ్లను కాపీ చేసే కమాండ్)తో పంపండి, లేదా టార్ చేసి (అన్నిటినీ ఒకే ఫైల్‌గా కట్టి) పంపండి. మధ్యలో మీ కంప్యూటర్ వద్దు.

ఇంపోర్ట్ నడిపేటప్పుడు జావా ఆప్షన్లలో ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి. జావా 18 నుంచి అదే డిఫాల్ట్, కానీ మీ సర్వర్‌లో ఉన్నది అంతకన్నా పాతది కావచ్చు. కనెక్షన్ తెగినా పని ఆగకుండా స్క్రీన్‌లోనో టీమక్స్‌లోనో నడపండి.

తేదీల సంగతి: ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పాతది ఉంది, ఇంపోర్ట్ కొత్తది చేర్చింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో యాక్సెషన్, అవైలబుల్, ప్రోవెనెన్స్ వరుసలను స్క్రిప్ట్‌తో తీసేసి ఎక్కించండి. మైగ్రేట్ చేసే పనిలో మీకు కావలసిన సగం అదే, హ్యాండిల్ మాత్రం మిగులుతుంది.

దస్తావేజు (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

ఇక్కడ నేను కమాండ్‌లైన్ గారితో ఏకీభవించలేను. ఒక థీసిస్ మొదట ఏ రోజున అందరికీ అందింది అన్నది చరిత్ర. ఎవరి పని ముందు అన్న వివాదం వస్తే ఆ తేదీయే సాక్ష్యం. దాన్ని చెరిపేసి, అన్నీ ఈ వారమే చేరినట్టు చూపించడం నాకు మనస్కరించదు. ప్రోవెనెన్స్ వరుసల్లో ఎవరు సమర్పించారు, ఎవరు ఆమోదించారు అన్నది ఉంటుంది. అదీ నిలవాలి.

కమాండ్‌లైన్ (మంగళవారం, మధ్యాహ్నం 2:50)

తేదీ విషయంలో మీ మాట సబబే. కానీ రెండు తేదీలు ఉంటే కొత్తగా చేరినవి అన్న జాబితా ఏ తేదీని పట్టుకుంటుందో చూసుకోవాలి. ప్రోవెనెన్స్‌లో మనుషుల ఈమెయిళ్లు కూడా ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌ని బయటివాళ్లకు ఇచ్చే సందర్భం ఉంటే అవి వాళ్ల చేతికి వెళ్తాయి.

నీలిసిరా (మంగళవారం, సాయంత్రం 4:15)

మధ్యే దారి ఒకటుంది. పాత వరుసలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో అలాగే ఉంచి ఎక్కించండి. తర్వాత సీఎస్‌వీ ద్వారా కొత్త తేదీని మాత్రం తీసేయండి. కానీ ఈ తేదీలూ ప్రోవెనెన్స్ మామూలుగా సీఎస్‌వీలోకి రావు, ఎక్స్‌పోర్ట్‌లో వదిలేయాల్సిన ఫీల్డుల జాబితాలో ఉంటాయి. బల్క్ ఎడిట్ సెట్టింగుల్లో ఆ జాబితాని కొంతసేపు మార్చి, పని అయ్యాక మళ్లీ యథాతథంగా పెట్టేయాలి. ముందు పది ఐటమ్‌లతో చేసి చూడండి.

అక్షరనిధి (గురువారం, సాయంత్రం 6:20)

రెండు రోజులుగా ఇదే పని. నీలిసిరా గారు చెప్పినట్టే చేశాను, పాత తేదీలు నిలిచాయి. ఆర్‌సింక్‌తో పంపాక ఏడో బ్యాచ్ ఒక్క మాట అనకుండా ఎక్కింది. మూసిన కలెక్షన్‌లోకి 41 వెళ్లాయి. లాగిన్ లేకుండా వాటిలో ప్రతి పీడీఎఫ్‌నీ తెరవడానికి ప్రయత్నించాను, ఒక్కటీ తెరుచుకోలేదు.

ఇప్పుడు నాలుగో కలెక్షన్ మధ్యలో ఆగింది. హ్యాండిల్ ఇప్పటికే వాడుకలో ఉందంటోంది. ఇది కొత్తగా పంపిన ఫోల్డరే, రెండోసారి నడపలేదు, ఒట్టు.

దస్తావేజు (గురువారం, రాత్రి 7:00)

మిమ్మల్ని ఎవరూ అనుమానించడం లేదండీ. ఆ థీసిస్ పాత రిపాజిటరీలో రెండు కలెక్షన్లకు మ్యాప్ అయి (ఒకే ఐటమ్ రెండు చోట్లా కనిపించేలా పెట్టి) ఉందేమో చూడండి. రెండు విభాగాలు కలిసి చేసిన పరిశోధనలకు అలా చేస్తుంటారు. కలెక్షన్ వారీగా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు అలాంటి ఐటమ్ రెండు ఫోల్డర్లలోనూ దిగుతుంది. మొదటి కలెక్షన్‌తో ఒకసారి ఎక్కేసింది, ఇప్పుడు రెండోది వచ్చి ఢీకొంది.

ఇక్కడి ఫోల్డర్ నుంచి ఆ ఐటమ్‌ని తీసేసి, మ్యాప్‌ఫైల్‌లో ఉన్నవి నిజంగా ఎక్కాయో లేదో చూసుకుని రెజ్యూమ్ చేయండి. చివర్లో సీఎస్‌వీలో కలెక్షన్ కాలమ్‌లో రెండో కలెక్షన్ హ్యాండిల్‌ని || తర్వాత చేర్చితే రెండు చోట్లా కనిపిస్తుంది.

అక్షరనిధి (శనివారం, మధ్యాహ్నం 12:10)

అలాంటివి మొత్తం 7 దొరికాయి. అంటే మేం ఇన్నాళ్లూ చెప్పుకుంటున్న 3,412 అనేది తొమ్మిది కలెక్షన్ల సంఖ్యలు కూడితే వచ్చిన లెక్క. ఆ ఏడూ రెండేసి సార్లు లెక్కలోకి వచ్చాయి. అసలు ఉన్నవి 3,405. కొత్త చోట కూడా 3,405 ఉన్నాయి. పాత సర్వర్ డేటాబేస్‌లోని ఎమ్‌డీ5 చెక్‌సమ్‌లను (ఫైల్ మారిందో లేదో తేల్చే కోడ్‌లను), కొత్త దాంట్లోవి పక్కపక్కన పెట్టి పోల్చాను. పీడీఎఫ్‌లలో ఒక్కటీ తేడా రాలేదు. ఏడింటినీ రెండో కలెక్షన్‌కి మ్యాప్ చేశాను.

హ్యాండిల్ ప్రిఫిక్స్ మార్పుకు దరఖాస్తు పంపాం, జవాబు రావాలి. అందాకా పాత సర్వర్‌ని కొత్త సబ్మిషన్లు తీసుకోకుండా చదవడానికి మాత్రమే నడుపుతున్నాం. ప్రతి బ్యాచ్ మ్యాప్‌ఫైల్‌కీ తేదీ, కలెక్షన్ పేరు పెట్టి బ్యాకప్‌తో పాటు దాచాను.

కొత్తపేజీ (శనివారం, మధ్యాహ్నం 3:30)

నాకు వచ్చే నెల 180 ఐటమ్‌లు ఎక్కించే పని ఉంది. ఫైళ్లు, ఒక సీఎస్‌వీ ఉన్నాయి, ఎక్స్‌ఎమ్‌ఎల్ లేదు. ఫోల్డర్లు చేత్తో చేసుకోవాలా?

కమాండ్‌లైన్ (శనివారం, సాయంత్రం 4:00)

అక్కర్లేదు. సాఫ్‌బిల్డర్ (SAFBuilder) అనే ఉచిత పనిముట్టు ఉంది. సీఎస్‌వీలో ఫైల్‌నేమ్ అని ఒక కాలమ్ పెట్టి పీడీఎఫ్ పేర్లు రాస్తే, ఎక్స్‌ఎమ్‌ఎల్, కంటెంట్స్ ఫైల్‌తో సహా ఫోల్డర్లన్నీ అదే తయారుచేస్తుంది. మొదట 5 వరుసలతో చేసి, వాలిడేట్ చేసి, ఏం వచ్చిందో కొత్త థ్రెడ్‌లో పెట్టండి. అక్కడ చూద్దాం.

అక్షరనిధి (సోమవారం, ఉదయం 11:15)

ప్రిఫిక్స్ మార్పు అయింది. ఒక పాత పేపర్ చివర ఇచ్చిన లింకు నొక్కాను. కొత్త సర్వర్‌లో అదే థీసిస్ తెరుచుకుంది.